పగలని మడత

గుండుసూది చనిపోయిన నిమిషంలో జిగురు టీ పోస్తున్నాడు.

ఉదయం తొమ్మిదీ నలభై. డిపార్ట్‌మెంట్ రెండో అంతస్తు, ఎదురెదురుగా రెండు బల్లలు, మధ్యలో ఒక ఫ్లాస్కు. పదకొండేళ్ళుగా ఇద్దరికీ అదే గది, అదే ఫ్లాస్కు. ఏజెంట్లకు మారుపేర్లు పెట్టే గుమాస్తాకు ఊహాశక్తి బొత్తిగా తక్కువ. స్టేషనరీ బీరువా తలుపు తీసి, పై అరలో ఏది కనబడితే అది తగిలించేవాడు. అలా ఒకడు గుండుసూది అయ్యాడు, ఇంకొకడు జిగురయ్యాడు. చీఫ్‌ను మాత్రం వెనకాల అందరూ పేపర్‌వెయిట్ అంటారు. అది ఆయన్ని చూసి పెట్టిన పేరే.

ఆ రోజు పోస్టులో గుండుసూదికి ఒక కవరొచ్చింది. లోపల చేత్తో చేసిన గ్రీటింగ్ కార్డు. నీలం అట్ట మీద తెల్లకాగితంతో కత్తిరించిన కొమ్మ, కొమ్మ కింద చిన్న పట్టీ, పట్టీ మీద ‘లాగండి’ అని ముచ్చటైన అక్షరాలు. పుట్టినరోజు శుభాకాంక్షలని ఉంది కానీ పంపినవాళ్ళ పేరు లేదు.

గుండుసూది దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. నలభై ఆరేళ్ళ ముఖం విప్పారింది.

“ఇవాళ నా పుట్టినరోజని నీకెవడు చెప్పాడ్రా? నువ్వేనా చేసింది?”

జిగురుకు ఆ సంగతే తెలియదు. పదకొండేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది. అవుననలేదు, కాదనలేదు. ఓ నవ్వు నవ్వి ఫ్లాస్కు మూత తిప్పాడు.

“నీలో ఇంత కళ ఉందని తెలీదురా బాబూ” అంటూ గుండుసూది పట్టీ లాగాడు. కొమ్మ మీద ఒక కాగితప్పిట్ట లేచి రెక్కలు విప్పింది. దాంతోపాటు అట్ట పొరల్లోంచి వెంట్రుకంత సూది కూడా లేచింది. అతను “అబ్బా” అని వేలు విదిలించాడు. అదే ఆఖరి మాట.

డాక్టరొచ్చాడు, స్ట్రెచరొచ్చింది, గది ఖాళీ అయింది. జిగురు అప్పటికే రెండు కప్పులూ నింపేసి ఉన్నాడు. రెండూ తాగాడు. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. పళ్ళ డాక్టరు మత్తుసూది వేశాక చెంప ఎలా ఉంటుందో, ఒళ్ళంతా అలా ఉంది.

నాలుగో రోజు చీఫ్ పిలిచాడు.

“సూది ప్లాస్టిక్. ఎక్స్‌రేకి చిక్కదు. విషం పరాయి దేశపు ల్యాబ్‌ది. కార్డు మాత్రం ఈ ఊళ్ళోనే తయారైంది” అన్నాడు. ఆయన మాటలు టెలిగ్రాముల్లా ఉంటాయి. “శత్రువుల లోకల్ గూఢచారి రింగ్ పని. నెక్స్ట్ టార్గెట్ లెక్కల మాస్టారు.”

లెక్కల మాస్టారంటే ముప్ఫై ఏళ్ళుగా డిపార్ట్‌మెంట్‌కు రహస్య కోడ్‌లు రాసిపెట్టిన పెద్దమనిషి. వచ్చే శుక్రవారం రిటైరవుతున్నాడు. కొత్త కోడ్ ఆయన బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు. కాగితం మీద పెట్టడు, ఆఖరి రోజు దాకా నోరు విప్పడు. వీడ్కోలు సభ అయ్యాక చీఫ్ చెవిలో చెప్పి గొడుగు పుచ్చుకుని వెళ్ళిపోతానన్నాడు. చాదస్తానికి మందులేదు.

“చెప్పకముందే ఆయనకేమైనా అయితే, సర్?”

“పరాయి గడ్డ మీద మనవాళ్ళు ఇరవై ముగ్గురు. పాత కోడ్ ఆదివారం దాకానే. ఆపైన పారిపొమ్మని చెప్పడానికి కూడా మనకు నోరుండదు.”

“నేనేం చెయ్యాలి?”

“కార్డులు చెయ్యడం నేర్చుకో.”

జిగురు తలూపాడు. బావి తవ్వమన్నా అలాగే తలూపేవాడు.

ఊళ్ళో ఒకావిడ ఇంట్లోనే కార్డుల క్లాసు నడుపుతోంది. డిపార్ట్‌మెంట్‌లో ఆవిడ పేరు సీతాకోక. మూడేళ్ళుగా రింగ్‌లో ఉంటూ మనకు కబుర్లు అందిస్తోంది. రింగ్ వాళ్ళకూ మన కబుర్లు కొన్ని అందిస్తుంది, వాళ్ళు నమ్మాలి కదా.

“ఇంతకీ ఆవిడ ఎటువైపు సర్?”

“గోడ మీద పిల్లి. ఈమధ్య మనవైపే దూకుతోంది.”

కింద ల్యాబ్‌లో ఉండే స్కేలు అనే కుర్రశాస్త్రవేత్త జిగురుకు తెల్లమీసం అంటించి రిటైరైన గుమాస్తాను చేశాడు. చేతిలో ఒక గమ్ము సీసా పెట్టాడు. “ఇందులో మైక్రో కెమెరా ఉంది సర్. మెల్లగా నొక్కితే ఫోటో. గట్టిగా నొక్కితే గమ్ము.” మొదటి రోజు పద్నాలుగు ఫోటోలొచ్చాయి. పదమూడు గమ్ములో మునిగిపోయాయి.

సీతాకోక తలుపు తీసింది. వైన్ రంగు పట్టు స్కార్ఫ్, పొడుగాటి వేళ్ళు, చెవి పక్కన కావాలనే వదిలేసిన ఒక నెరిసిన పాయ. ఆవిడ నవ్వితే వరండాలో కుండీలు కూడా తిరిగి చూస్తాయని డిపార్ట్‌మెంట్‌లో ప్రతీతి. జిగురుకు ఆ నవ్వు కనబడింది. లోపలికి మాత్రం చేరలేదు.

“వంకాయరంగు అట్ట దొరుకుతుందా?” అన్నాడు. కోడ్ మాట.

“దొరుకుతుంది, కానీ ఒకవైపే రంగు” అంది ఆవిడ. తర్వాత గొంతు తగ్గించి, “మీ స్నేహితుడి సంగతి విన్నాను. చాలా బాధేసింది” అంది.

“అలాగా” అన్నాడు జిగురు.

భోజనాల బల్ల చుట్టూ ఆరుగురు ఆడవాళ్ళు, ఒక తెల్లమీసం. కత్తెరలు, రంగుకాగితాలు, మడత నొక్కడానికి చెంచాలు. పట్టీ లాగితే కదిలే బొమ్మ, తెరిస్తే లేచి నిలబడే ఇల్లు, తిప్పితే మారే ముఖం, ఒక్కోటీ ఆవిడ చేతుల్లో మల్లెపువ్వులా విచ్చుకునేది. జిగురు చేతుల్లో అదే కాగితం అప్పడంలా విరిగేది.

“గుమాస్తా గారూ, కాగితం మీద మీకేమైనా పాతకక్షలున్నాయా?” అనేది ఆవిడ. ఆరుగురూ నవ్వేవాళ్ళు. విరిగిన మడత చూసినప్పుడల్లా ఆవిడ కనుబొమ మాత్రం ఒక్కక్షణం ముడిపడేది, అపస్వరం విన్నట్టు. జిగురు దాన్ని గమనించాడు. గమనించడం అతనికి ఉద్యోగం, అందుకు మనసు ఉండనక్కర్లేదు.

ఇంట్లో అక్క ఆ కార్డులు చూసి తల పట్టుకుంది. ఆవిడ పాతికేళ్ళు బైండింగ్ ప్రెస్సులో చేసి వచ్చిన మనిషి. ఇరుగుపొరుగు పిల్లల పుట్టినరోజులన్నిటికీ కార్డులు ఆవిడ చేతి మీదుగా వెళ్ళాల్సిందే.

“ఒరేయ్, కాగితానికీ నారుంటుందిరా, కట్టెకున్నట్టే. నార వెంట మడిస్తే నున్నగా వస్తుంది. అడ్డంగా మడిస్తే పైరంగు పగిలి లోపల తెలుపు బయటపడుతుంది. ముందు ఇలా రెండువైపులా వంచి చూడు. ఎటు సులువుగా వంగితే అటు మడవాలి. ఒకసారి పగిలిందా, బ్రహ్మదేవుడు కూడా అతకలేడు.”

“సరే” అన్నాడు. చేతులు విన్నాయి కానీ వంటపట్టలేదు.

అక్క కాసేపు అతని ముఖంలోకి చూసింది. “ఏడవరా. ఏడిస్తే బరువు దిగుతుంది. పదకొండేళ్ళు వాడి పక్కన కూర్చున్నావు.”

“రావట్లేదక్కా.”

నిజమే చెప్పాడు. రోజూ పొద్దున్న ఆ కార్డు, ఆ ప్రశ్న కళ్ళముందుకొచ్చేవి. తాను ‘నేను కాదు’ అని ఒక్కమాట అంటే గుండుసూది చెయ్యి ఆగేది. ఎవరు పంపారో తెలియని కవరును పట్టుకుని పట్టీ లాగేంత వెర్రివాడు కాదు వాడు. జిగురు పంపాడనుకున్నాడు కాబట్టి లాగాడు. ఈ లెక్క జిగురుకు కంఠతా వచ్చు. వచ్చినా ఏమీ అనిపించేది కాదు.

మంగళవారం క్లాసయ్యాక సీతాకోక అతన్ని ఆపింది.

“సభ రోజు కానుకల్లో ఎర్రకవరు ఒకటి వస్తుంది. సూది అందులో ఉంటుంది. అది పట్టుకుంటే చాలు.” తర్వాత మెత్తగా, “నేర్చుకున్నది ఊరికే పోవడమెందుకు? మాస్టారుకు మీ చేత్తో ఒక కార్డు చేసివ్వండి” అంది.

ఒక్కరికైనా వేళకు ఇవ్వాలనిపించింది జిగురుకు. అనిపించిందో, అనిపించాలని అనుకున్నాడో అతనికే తెలియదు. నీలం అట్ట తీసుకున్నాడు. పట్టీ లాగితే ఆఫీసు తలుపు తెరుచుకుని, గొడుగు పట్టుకున్న ముసలాయన బయటికి రావాలి. మధ్యాహ్నమంతా పట్టింది. నార చూసుకోవడం మర్చిపోయాడు. వీపు మడత మూడుచోట్ల పగిలి, ఎండాకాలపు మడమలా తెల్లగా నెర్రెలిచ్చింది.

“పర్లేదు. రెండ్రోజులు బరువు కింద ఆరితే సర్దుకుంటుంది” అని సీతాకోక దాన్ని లావుపాటి పుస్తకాల కింద పెట్టింది. శుక్రవారం పొద్దున పల్చటి కాగితంలో చుట్టి, రిబ్బన్ కట్టి అందించింది.

సభ మూడు గంటలకు. కానుకలన్నీ తనిఖీ చేసే బాధ్యత జిగురుదే. నలభై ఒక్క కవర్లు. ఇరవై తొమ్మిదోది ఎర్రది. స్కేలు పట్టకారుతో పట్టీ లాగాడు. సూది లేచింది. హాలంతా ఊపిరి వదిలింది. చీఫ్ జీవితంలో మొదటిసారి ఒకరి భుజం తట్టాడు. ఆ భుజం జిగురుది. తనిఖీ చేసేవాడు తెచ్చిన కార్డును తనిఖీ చేయాలని మాత్రం ఎవరికీ తట్టలేదు. కంచే చేను మేస్తుందని ఎవరనుకుంటారు?

మాస్టారు ఒక్కో కవరూ విప్పుతూ, చదువుతూ, ముక్కు చీదుకుంటూ చివరికి రిబ్బన్ కట్టిన దాని దగ్గరికొచ్చాడు. నీలం కార్డు బయటికి తీశాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు.

“అబ్బో! లాగాలా దీన్ని?” బొటనవేలు పట్టీ మీద పెట్టాడు. “ఏమయ్యా, నువ్వేనా చేసింది?”

అదే ప్రశ్న.

‘అవును సర్’ అనే మాట జిగురు నాలుక చివరికొచ్చింది. అప్పుడు అతని చూపు కార్డు వీపు మీద పడింది. నీలం. ఆ చివర నుంచి ఈ చివర దాకా నీలం. ఒక్క తెల్లగీత లేదు. అద్దంలా నున్నటి మడత.

బ్రహ్మదేవుడు కూడా అతకలేడు.

“కాదు” అన్నాడు. గొంతు అతనికే కొత్తగా వినిపించింది. “కాదు సర్! నేను కాదు! లాగకండి!”

అరుస్తూనే బల్ల మీదుగా దూకాడు. అరంగుళం కదిలిన పట్టీ ఆగిపోయింది, కార్డు ఎగిరి నేలమీద పడింది, మాస్టారు కుర్చీతో సహా చీఫ్ ఒళ్ళో పడ్డాడు. స్కేలు మోకాళ్ళ మీద కూర్చుని పట్టకారుతో పట్టీ లాగాడు. ఆఫీసు తలుపు తెరుచుకుంది. గొడుగు ముసలాయన బయటికొచ్చాడు. గొడుగు కొసన సూది.

పదినిమిషాల తర్వాత మాస్టారు చీఫ్ చెవిలో నాలుగు ముక్కలు చెప్పాడు. ఇరవై ముగ్గురికీ నోరొచ్చింది.

జిగురు పోలీసుల్ని వెంటబెట్టుకుని వెళ్ళేసరికి సీతాకోక ఇంట్లో క్లాసు జరుగుతోంది. వాళ్ళని చూసి ఆరుగురూ కత్తెరలు కింద పెట్టారు. ఆవిడ మాత్రం చేతిలో మడత పూర్తి చేశాకే తలెత్తింది.

“ఎర్రకవరు దొరకలేదా?”

“దొరికింది. ఎర చాలా బాగుంది.”

“మరి ఎలా తెలిసింది?”

“మడత పగల్లేదు.”

ఆవిడ కళ్ళు మూసుకుంది. “మీదాన్ని పక్కన పెట్టుకుని అచ్చు అలాగే చేద్దామనుకున్నాను. పగలగొట్టడానికి మూడుసార్లు అట్ట తీశాను. నారకు అడ్డంగా మడవడానికి చేతులు రాలేదు గుమాస్తా గారూ. ముప్ఫై ఏళ్ళ అలవాటు.”

“పిట్ట కార్డు కూడా మీదేనా?”

“నాదే.” గొంతు తగ్గింది. “ఆయనకు నచ్చిందా?”

“నచ్చింది” అన్నాడు. “నేను చేశాననుకున్నాడు.”

అసలు కార్డు బల్ల కింద తుక్కు కాగితాలు దాచుకునే డబ్బాలో దొరికింది. కాగితం పారేయలేని మనిషి, అంత సాక్ష్యాన్నీ పారేయలేకపోయింది. శనివారం పొద్దున జిగురు దాన్ని మాస్టారింటికి తీసుకెళ్ళి ఇచ్చాడు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, భార్యను దూరంగా నిలబెట్టి, దేవుణ్ణి తలుచుకుని పట్టీ లాగాడు. అది సగంలో ఇరుక్కుపోయింది.

“ఇది నీదే” అన్నాడు మాస్టారు తృప్తిగా.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి అక్క బల్ల మీద కాగితాలు పరుచుకుని ఉంది. జిగురు ఎదురుగా కూర్చున్నాడు.

“నీలం అట్ట ఒకటివ్వక్కా.”

“ఎవరికిరా?”

“ఆఫీసులో ఒకడికి. పుట్టినరోజు వెళ్ళిపోయింది.”

అక్క అతనివైపు ఒక్కసారి చూసి అట్ట జరిపింది. అతను దాన్ని నిలువుగా వంచి చూశాడు, అడ్డంగా వంచి చూశాడు. సులువుగా వంగినవైపు మడిచి, చెంచా వీపుతో మెల్లగా నొక్కుకుంటూ పోయాడు. విప్పి వెలుతురులో పెట్టాడు. ఒక్క నెర్రె లేదు. పెన్ను తీసి లోపల రాశాడు: ‘ఒరేయ్, ఇది నేనే చేశాను.’

అప్పుడొచ్చింది. పన్నెండు రోజులుగా ఎక్కడ దాక్కుందో, ముక్కులోంచి, కళ్ళలోంచి, గొంతులోంచి ఒక్కసారే వచ్చింది. భుజాలు కదిలిపోతున్నాయి, ఆపుదామన్నా ఆగట్లేదు.

అక్క లేచి వచ్చి అతని తల మీద చెయ్యి వేసింది. రెండో చేత్తో కార్డును పక్కకు లాగింది.

“ఏడు నాన్నా, ఎంతసేపైనా ఏడు. కాగితం మీద మాత్రం పడనీకు, ఉబ్బుతుంది.”