గుడియాకు జ్వరం తగ్గింది

ఇంద్రమ్మ పీట మీద జొన్నపిండి ముద్దను అరచేత్తో చరుస్తుండగా గోడ అవతల గిర్ని మోటరు మొదలైంది. రొట్టె చప్పుడు అందులో మునిగిపోయింది. నారాయణఖేడ్ బస్సు డిపో వెనక సందులో వాళ్ళ ఇల్లూ, పిండిగిర్నీ ఒకే కప్పు కింద ఉంటాయి. మోటరు తిరిగినంతసేపూ వంటింట్లో గిన్నెలు సన్నగా వణుకుతాయి. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ వణుకుకు ఆమెకు తల నొప్పి వచ్చేది. ఇప్పుడు తల నొస్తోందో లేదో కూడా తెలియడం లేదు.

మాణిక్యప్ప రొట్టె తినడానికి లోపలికి వచ్చాడు. కనురెప్పల దాకా పిండి. పీట లాక్కుని కూర్చుని, పెళ్ళాం మొహం చూడకుండానే చెప్పాడు.

"పొద్దుమూకి బావ సిర్గాపూర్ నుంచి ఆటో తీస్కొని వస్తుండు. టీవీ ఇచ్చేస్తున్న. అక్కోళ్ళింట్ల ఉంటది."

ఇంద్రమ్మ పెనం మీద రొట్టె తిప్పింది.

"సరే."

"సరే అంటే?"

"సరే అంటే సరే. పప్పు ఎయ్యాలా, కారమా?"

అతను చెయ్యి కంచం మీదే ఆపి ఒక్క క్షణం చూశాడు. ఆమె కాదంటుందనీ, గొడవ పడుతుందనీ అనుకున్నాడు కాబోలు. గొడవకు కూడా మనిషి కావాలి కదా.

గొడవ పడింది అతని తల్లి సిద్దమ్మ. వాకిట్లో దూలం గుంజకు ఆనుకుని కూర్చున్న ముసలామెకు రెండు కళ్ళకూ పొరలు కమ్మాయి. వెలుగూ చీకటీ తప్ప ఏమీ ఆనవు. చెవులు మాత్రం పక్కింట్లో గ్లాసు కింద పెట్టినా పడతాయి.

"గట్లెట్ల ఇస్తవ్‌రా మాణికీ? నా కథ నడుమల ఉన్నది!"

"కథ లేదు, కాకరకాయ లేదు. ఇంట్ల పిల్ల పోయి ఏడాది తిరగలే. టీవీ ఏందమ్మా? సందుల తలెత్తుకొని తిరుగస్తలేదు."

"మరి గిర్ని ఎందుకు నడుపుతున్నవ్? పెండ్లిండ్లకు పిండి పట్టిస్తలేవా?"

మాణిక్యప్ప సగం రొట్టె వదిలేసి లేచిపోయాడు. కాసేపట్లో మోటరు ఇంకా గట్టిగా మోగింది.

ఆ టీవీ వాళ్ళ ఇంటికి వచ్చింది కూతురి కోసమే. మహానంద పదకొండేళ్ళ పిల్ల. ఇంట్లో అందరూ నందా అనేవాళ్ళు. సందులో తురకల పిల్లలతో ఆడి ఆడి హిందీ నాలుక చివర పెట్టుకుంది. మధ్యాహ్నం వచ్చే హిందీ సీరియల్ అంటే దానికి ప్రాణం. బడి నుంచి అన్నానికని వచ్చి, అది అయిపోయేదాకా కదిలేది కాదు. నాయినమ్మ మోకాలికి మోకాలు ఆనించి కూర్చుని, తెర మీద జరిగేదంతా తెలుగులో చెప్పేది. ఆ కథలో గుడియా అని ఒక పిల్ల ఉంది. ఢిల్లీలో మేడ ఇల్లు, గొడవలు పడే తల్లీదండ్రీ, నడుమ ఆ పిల్ల. సిద్దమ్మ ఆ పిల్ల గురించి పక్కింటి పిల్లను అడిగినట్టు అడిగేది.

ఒకటే చిక్కు. గిర్ని తిరుగుతుంటే కరెంటు చాలక తెర మీద బొమ్మ నాలుగు పక్కలా కుంచించుకుపోయి, నడుమ అరచేతంత మిగిలేది. అందుకని సీరియల్ వేళకు నంద గిర్నిలోకి ఉరికేది. "నాయినా, బంద్ చెయ్యి! షురువైతుంది!" మాణిక్యప్ప మోటరు ఆపి, జొన్నల గంపలతో నిలబడ్డవాళ్ళతో అనేవాడు, "అరగంట ఆగుర్రి. నా బిడ్డ హుకుం." వాళ్ళు నవ్వుకుంటూ అరుగు మీద కూర్చునేవాళ్ళు.

వానాకాలంలో నందకు జ్వరం తలకెక్కింది. సంగారెడ్డి పెద్ద దవాఖానకు బస్సులో తీసుకుపోతుంటే, జోగిపేట రాకముందే తల్లి ఒళ్ళో చల్లబడిపోయింది.

ఇంద్రమ్మ ఏడవలేదు. బస్సులో ఏడవలేదు, ఇంటికి తెచ్చినప్పుడు ఏడవలేదు, మట్టి చేసి వచ్చాక మొగుడు గోడకు తల బాదుకుంటున్నప్పుడూ ఏడవలేదు. సందు ఆడవాళ్ళు ఆమె భుజాలు పట్టి ఊపారు. "ఏడువు ఇంద్రమ్మా, ఏడువకుంటే గుండె ఆగుతది." ఆమె వాళ్ళకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తర్వాత రోజులన్నీ అలాగే జరిగాయి. చేతులు పని చేస్తాయి, కాళ్ళు నడుస్తాయి, నోరు సరే అంటుంది. లోపల ఎవరో దీపం తగ్గించి పెట్టి మరిచిపోయినట్టుంది.

టీవీ మీద దుప్పటి కప్పేశారు. దసరా దాటాక ఒక మధ్యాహ్నం సిద్దమ్మే అడిగింది, "గా గుడియా ఏమైందో ఏమో కోడలా. నీకు హిందీ తెల్సు గదా." జహీరాబాదులో పుట్టి పెరిగిన ఇంద్రమ్మకు హిందీ బాగానే వచ్చు. దుప్పటి తీసి, అత్త పక్కన కూర్చుంది. మోకాలికి మోకాలు ఆనింది. నోరు తెరిస్తే మాట వచ్చింది.

కొన్నాళ్ళకు సీరియల్లో గుడియాకు జ్వరం వచ్చింది. ఒకరోజు తెల్లటి మంచం మీద ఆ పిల్ల కళ్ళు మూసింది. తల్లి వేషం వేసినామె మంచం మీద పడి గుండెలు బాదుకుంటోంది. అత్త చెయ్యి ఇంద్రమ్మ మోకాలి మీద బిగుసుకుంది.

"ఏమైందే?"

"జ్వరం తగ్గింది అత్తా," అంది ఇంద్రమ్మ. "లేచి కూసుంది. ఆకలైతుందంటుంది."

అనుకుని అన్న మాట కాదు. దానంతటదే వచ్చింది. ఆ రోజు నుంచి గుడియా రోజూ లేస్తోంది, బడికి పోతోంది, వస్తోంది. రోజుకు ఆ అరగంట తప్ప ఇంద్రమ్మ పెద్దగా మాట్లాడేది లేదు. సాయంత్రం ఆటో వస్తే ఆ అరగంట కూడా పోతుంది. పోతే ఏమవుతుందో ఆమెకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. పెనం దించి, పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగింది.

*

మధ్యాహ్నం ఆమె టీవీ పెట్టింది. గిర్ని మోగుతూనే ఉంది. నంద పోయాక ఆ వేళకు మోటరు ఒక్కరోజు కూడా ఆగలేదు. అరచేతంత బొమ్మలో గుడియా తల్లి ఒంటరిగా కిటికీ దగ్గర నిలబడి ఉంది.

"ఏం జేస్తుంది పిల్ల?" అంది సిద్దమ్మ.

"ఇప్పుడే బడి నుంచి వచ్చింది. పుస్తకాల సంచి మంచం మీద ఇసిరికొట్టింది."

"చెప్పులు బయట ఇడిసిందా?"

"ఏడ ఇడుస్తది! గట్లనే లోపలికొచ్చింది. వాళ్ళమ్మ తిడుతుంది. ఇంటేనా? జొన్నరొట్టె మీద బెల్లం పెట్టి, చుట్టచుట్టి, వాకిట్ల నిలవడి తింటుంది."

"నిలవడి తింటే కాళ్ళల్లకు పోతదని చెప్పకపొయినవా?"

"చెప్తే ఇంటదా అత్తా?" ఇంద్రమ్మ నవ్వింది. సన్నటి నవ్వు, వచ్చింది వచ్చినట్టే పోయింది.

"ఒదినే, ఏం చెప్తున్నవే?"

గుమ్మంలో రామవ్వ. వెనకింటి మనిషి. జొన్నలు పట్టించుకోవడానికి వచ్చి, టీవీ చప్పుడుకు లోపలికి తొంగి చూసింది. "గుడియా దీపావళికి ముందే సచ్చిపాయె గదా! మేం డిపో క్వార్టర్లల్ల సూస్తిమి. ఆ దినం మా ఇంట్ల ఒక్కలు కూడ అన్నం తినలే..." అంటూనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆమె వెనకే మాణిక్యప్ప నిలబడి ఉన్నాడు. యాంటెన్నా తీగ విప్పడానికి చేతిలో పట్టకారుతో వచ్చాడు.

"ఏమన్నవ్ రామవ్వా?"

"ఏం లేదన్నా. నా జొన్నలు..." ఆమె గంప కూడా మరిచి వెళ్ళిపోయింది.

"ఆ పిల్ల సచ్చిందా?" అని పెళ్ళాన్ని అడిగాడు, మోటరు చప్పుడు మీద గొంతు పెంచి.

"సచ్చింది."

"మరి మా అమ్మకు ఏం చెప్తున్నవ్ గిన్ని దినాల సంది? కండ్లు కానరాని ముసల్దాన్తోని ఆటాడుతున్నవా?"

ఇంద్రమ్మ తెర వైపే చూస్తోంది.

"నా బిడ్డ పోయిన దినం నీ కంట్ల చుక్క రాలే. నాతోని ఒక్క మాట లేదు. ఏమడిగినా సరే. గీ డబ్బా ముందల మాత్రం నీకు మాటలొస్తయ్, నవ్వొస్తది. ఎవలో సచ్చిన పిల్లను లేపుతవు గని, కన్నదాన్ని ఒక్కసారి కూడ పేరు పెట్టి పిలువవు. అసలు నువ్వు తల్లివేనా?"

ఆ మాట తనకు తగలాల్సిందని ఇంద్రమ్మకు తెలిసింది. తగలలేదు. ఎక్కడో దూరంగా, వేరే ఎవరి మీదో పడ్డట్టుంది. తగలనందుకే మొదటిసారి ఆమెకు భయం వేసింది.

"మాణికీ," అంది సిద్దమ్మ. "గిర్ని బంద్ చేసి రా."

"అమ్మా, నువ్వూకో..."

"బంద్ చెయ్‌రా. నేను చెప్పేది అరిచి చెప్పేది కాదు."

అతను వెళ్ళాడు. మోటరు మూలిగి మూలిగి ఆగింది. వంటింట్లో గిన్నెల వణుకు ఆగింది. తెర మీద బొమ్మ మెల్లగా నాలుగు మూలలకూ పరుచుకుని నిండుగా నిలబడింది. మాణిక్యప్ప వచ్చి గడప దగ్గరే ఆగిపోయాడు.

"నాకు ఎర్కనేరా," అంది సిద్దమ్మ. "నాకు కండ్లు పోయినయ్ గని చెవులు పోలే. ఆ పిల్ల గొంతు ఎన్నడో ఆగింది. ఆ తల్లి మొత్తుకునుడు నేనూ ఇన్న. ఏడుపుకు హిందీ ఏంది, తెలుగేంది?"

ఇంద్రమ్మ తల తిప్పి అత్త వైపు చూసింది.

"మరి అడగలేదేంది?" అన్నాడు మాణిక్యప్ప.

"అడిగితే చెప్పుడు బంద్ చేస్తది. ఢిల్లీ మేడల ఉండే పిల్ల జొన్నరొట్టెల బెల్లం చుట్టుకొని తింటదారా? మీగడ కట్టిన పాలు చూసి ముక్కు మూస్తదా? నల్లపోచమ్మ జాతరల గాజులు పగిలినయని బోరంచ నుంచి ఇంటిదాక ఏడుస్తదా? గవన్నీ ఎవలియి? బోరంచ పోచమ్మ తోడు, దినాం మధ్యాహ్నం అరగంట నా మనవరాలు ఇంటికొస్తుండె. నువ్వు మోటరు సప్పుట్ల తలకాయ పెట్టుకున్నవు. ఇది గీ కథల పెట్టుకున్నది. ముసల్దాన్ని, నేనేడ పెట్టుకోవాలె?"

పట్టకారు మాణిక్యప్ప చేతిలోంచి జారి గడప మీద పడింది. ఎవరూ తీయలేదు.

సిద్దమ్మ తడుముకుంటూ కోడలి చెయ్యి పట్టుకుంది. "గిట్ల మార్చి చెప్పుమని నీకెవలు చెప్పిండ్రు బిడ్డా?"

ఇంద్రమ్మ అత్త చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. తెర మీద ఎవరో ఏదో మాట్లాడుతున్నారు.

"నందనే," అంది ఇంద్రమ్మ. ఆ పేరు నోట్లోంచి బయటికి రావడం ఆమెకే వింతగా వినిపించింది. "బస్సుల. ఆయన ముందల డ్రైవర్ దగ్గర నిలవడ్డడు, జల్దీ పోనియ్యి అన్నా అని. అది నా ఒళ్ళ పండుకున్నది. కండ్లు తెర్వలే. అమ్మా, సీరియల్ అయిపోయిందా అన్నది. అయింది బిడ్డా అన్న. మరి నాయినమ్మకు ఎవలు చెప్తరు అన్నది. నేను చెప్తలే, నువ్వు పండుకో అన్న. మంచిగ చెప్పు అన్నది. ఏడుపు సంగతులు చెప్పకు, నాయినమ్మ అన్నం తినది, నేనైతే మార్చి చెప్త అన్నది. ఇగ మల్ల... ఇగ మల్ల ఏం మాట్లాడలే."

"మార్చి చెప్పేదా?" అంది సిద్దమ్మ. "దొంగముండ! ఏనాయ్తవ్వా నన్న తాయీ..." ఏమైందే నా తల్లీ అంటూ పుట్టింటి కన్నడం ఆమె నోట్లోకి వచ్చేసింది. పొరలు కమ్మిన కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే నవ్వుతూనే ఉంది.

అప్పుడు ఇంద్రమ్మ గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. అది ఏడుపులా లేదు. చాలా రోజులు వాడని తలుపు తెరిచినట్టుంది. ముందుకు ఒంగి అత్త ఒళ్ళో మొహం పెట్టుకుంది. "జ్వరం తగ్గలే అత్తా," అంది. "తగ్గలే. నా చేతుల్నే పోయింది." తర్వాత మాటలు లేవు.

మాణిక్యప్ప వచ్చి పక్కన చతికిలబడ్డాడు. చెయ్యి ఎక్కడ వేయాలో తెలియక పెళ్ళాం వీపు మీద వేశాడు. జాకెట్టు మీద పిండి మరక పడింది.

"నాకెందుకు చెప్పలే?"

"మోటరు తిరుగుతుండె," అంది ఆమె, మొహం ఎత్తకుండానే.

అతను తల దించుకున్నాడు. "గా యాళకు బంద్ చేస్తే, అది ఉరికి రాలేదని తెలుస్తది గదనే. గందుకే తిప్పిన."

*

పొద్దుగూకుతుండగా సిర్గాపూర్ బావ శంకరప్ప ఆటో దిగాడు. "ఏంది బామ్మర్దీ, యాంటెన్నా ఇంక దించలే?"

"దించ. టీవీ ఇయ్య. చాయ్ తాగి పో."

"ఉత్త ఆటోతోని పోతే మీ అక్క నన్ను ఇంట్లకు రానిస్తదా?"

"పిండి సంచి ఎక్కించుకో, రానిస్తది."

శంకరప్ప ఇంద్రమ్మ ఉబ్బిన కళ్ళ వైపు చూశాడు. వంగి పిండి సంచి భుజానికెత్తుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఇంద్రమ్మ అత్తకు అన్నం పెట్టి, కంచం కడిగి, టీవీ పెట్టింది. బొమ్మ అరచేతంతే ఉంది. ఆమె ఏమీ ఎదురుచూడలేదు. ఎదురుచూడటం ఇంకా అలవాటు కాలేదు.

గోడ అవతల మోటరు మూలిగి ఆగింది. గిన్నెలు నిశ్శబ్దమయ్యాయి. ఎవరో విసుక్కుంటున్నారు, పట్టేది ఇంకా సగం ఉందని. మాణిక్యప్ప గొంతు వినిపించింది.

"అరగంట ఆగుర్రి. నా బిడ్డ హుకుం."

తెర మీద బొమ్మ నాలుగు మూలలా నిండింది. అతను వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"షురువైందా?" అంది సిద్దమ్మ.

"అయింది అత్తా. గుడియా లేదు. వాళ్ళమ్మ ఒక్కతే ఉన్నది. పిల్ల బట్టల పెట్టె ముందలేసుకొని కూసున్నది." ఇంద్రమ్మ అత్త వైపు తిరిగింది. "ఇది ఏడుపు సంగతే. చెప్పాల్నా?"

సిద్దమ్మ ఆమె మోకాలికి మోకాలు ఆనించి సర్దుకుంది.

"చెప్పు. అన్నం తినే కూసున్న."