పెట్టెలో తడిగుడ్డ

ఆ ఉదయం ఆకాశం కడిగి బోర్లించిన పళ్ళెంలా ఉంది. మబ్బు తునక లేదు. పొద్దెక్కేసరికి కొండ మీది రన్‌వే పైన గాలి వణకసాగింది.

ఏజెంట్ లోడర్ వేషంలో విమానానికి పెట్టెలు ఎక్కిస్తున్నాడు. పెట్టుడు మీసం చెమటకు జారుతోంది. చీఫ్ చెప్పింది రెండే ముక్కలు: "విదేశీ ముఠా గుట్టు తెలిసిన సాక్షి ఆ విమానం ఎక్కుతున్నాడు. అతన్ని ప్రాణాలతో దింపు."

ప్రతి పెట్టెనీ తట్టి చూశాడు. బాంబు లేదు.

పైలట్ ఈల వేసుకుంటూ పక్కనుంచే వెళ్ళాడు. ఏజెంట్‌కి స్వయానా బావమరిది. గుర్తుపట్టలేదు. బావ ఊరూరా ప్రెషర్ కుక్కర్లు అమ్ముతాడని ఇంటిల్లిపాదికీ నమ్మకం. ఎండకు మెత్తబడ్డ తారులో పైలట్ బూటు, తడి దుక్కిలో గిట్టలా దిగబడింది.

నల్ల కళ్ళద్దాల వాతావరణ అధికారిణి వచ్చి నిలబడింది.

"నీడ ఎక్కడ దొరుకుతుంది?"

"మనిషి వెనకాల."

కోడ్ కలిసింది. ముఠా జీతం తింటూ ఇటు పనిచేసే డబుల్ ఏజెంట్ ఆమె.

"బాంబు వెతక్కండి. మా వాతావరణ కేంద్రం థర్మామీటర్ పెట్టెలో గాజు బుడ్డికి తడిగుడ్డ చుట్టారు. ఆ చల్లదనానికి ఇరవై ఆరు డిగ్రీలే చూపిస్తోంది. అసలు నలభై ఒకటి!"

"అయితే?"

"వేడికి గాలి పల్చబడుతుంది. కొండ మీద ప్రెషర్ ముందే తక్కువ. రెక్కకు పట్టు దొరకదు, ఇంజన్‌కు ఊపిరి చాలదు. ఇరవై ఆరు లెక్కన ఎక్కించిన బరువుకి ఈ రన్‌వే సరిపోదు. చివర లోయ."

"టవర్‌కి చెప్పు!"

"టవర్‌లో ఉన్నది వాళ్ళ మనిషే."

విమానం అప్పటికే రన్‌వే మొదట్లో నిలిచింది. ఏజెంట్ చొక్కా గుండీ మెలిపెట్టాడు. అది రేడియో.

"ఒరేయ్ బావమరిదీ, ఆపు! ఎండ నలభై ఒకటి!"

"ఎవరూ... బావా? నీ విజిల్ కుక్కర్ల దగ్గర వెయ్యి. టవర్ ఇరవై ఆరంది."

"నీ విమానంలో మీటరో?"

"రాత్రే చెడింది. లైన్ వదులు."

ఇంజన్లు హోరెత్తాయి. విమానం పరుగందుకుంది. పెళ్ళానికి ఏం చెప్పాలి? ఏజెంట్ గుండీని నోటి దగ్గరికి లాక్కున్నాడు.

"నీ బూటు పెడల్‌కి అతుక్కుంటోందా, లేదా?"

"అతుక్కుంటే?"

"తారు. ఇరవై ఆరుకి తారు కరుగుతుందట్రా?"

రన్‌వే సగం అయిపోయింది. ముప్పాతిక అయిపోయింది. అప్పుడు హోరు తెగింది. టైర్లు కీచుమన్నాయి. ముందు చక్రం అంచున ఆగింది. ఒక గులకరాయి మాత్రం లోయలోకి దొర్లింది.

టవర్ మనిషిని బేడీలతో దింపారు. విమానంలోంచి సగం పెట్టెలు దించారు. మిగతా బరువుతో, సాయంత్రం చల్లబడ్డాక ప్రయాణం.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో సాక్షి, అధికారిణి, బావ, బావమరిది ఒకే బల్ల దగ్గర భోంచేశారు. బావమరిది ముద్ద ముద్దకీ బావ చొక్కా గుండీల వంకే చూస్తున్నాడు.

లోపల కుక్కర్ విజిల్ వేసింది. బావ తల ఎత్తలేదు.