ఆరో మనిషి

ఆ పొద్దున భోపాల్‌పట్నం మీద ఆకాశం మబ్బు పట్టి, కురవకుండా ఉరుముతోంది. ఊరంతా కళ్లంలో తునికాకు కట్టలు తిరగేస్తూ పైకి చూస్తోంది. లక్ష్మణ్ ఒక్కడే కిందికి చూస్తున్నాడు.

ఇంద్రావతి ఇసుకలో, ఊళ్లో జనాభా లెక్కలు రాసే దుర్గేశ్ మాస్టారు వెల్లకిలా పడి ఉన్నాడు. గొంతు అడ్డంగా తెగింది. జనగణన ఫోన్ లేదు. దాన్ని తెరిచే కుడి బొటనవేలు కూడా లేదు.

ఊరికి లక్ష్మణ్ తునికాకు కట్టల లెక్క రాసే మున్షీ. ఢిల్లీకి ఏజెంట్ కార్బన్. అతని నడుముకు వేలాడే సొరకాయ బుర్రలో కల్లు ఉండదు, శాటిలైట్ ఫోన్ ఉంటుంది. మూత తీశాడు.

“కోడ్?” అవతల చీఫ్.

“పచ్చాకు మీద వాన. మాస్టారిని చంపారు సార్. ఫోన్ పోయింది.”

“పాత రేషన్ డేటా ఆ ముఠా దగ్గర ఇప్పటికే ఉంది. రెండూ పక్కపక్కన పెడితే ఏ ఇంట్లో కొత్త మనిషి చేరిందో తెలిసిపోతుంది. శిరీషను రాయించావా?”

“లేదు సార్. లక్మా ఇంట్లోనే దాచాను. లెక్కలో లేదు.”

శిరీష ఆ ముఠా సర్వర్ల దగ్గర పనిచేసి పారిపోయి వచ్చిన ఇంజనీరు. ఆ పరాయి ముఠా దేశదేశాల జనాభా లెక్కలు దొంగిలిస్తుంది. ఏ వీధిలో ఎవరు తక్కువమందో చూసి, అక్కడ మంట పెట్టేవాళ్లకు అమ్ముకుంటుంది. దాని పెద్దల మొహాలు చూసింది శిరీష ఒక్కతే.

కీబోర్డు చప్పుడు వినిపించింది. “మాస్టారు పంపిన కాపీ చూస్తున్నా. ఒక్క ఇంట్లోనే మనిషి పెరిగింది. మంగి ఇల్లు. రేషన్‌లో ఐదుగురు, ఇప్పుడు ఆరుగురు.”

“అక్కడ కొత్తవాళ్లెవరూ లేరు సార్.”

“ఇంకా మంచిది. వాళ్లు తప్పుడింటికి పోతారు. నువ్వు శిరీష దగ్గర ఉండు. హెలికాప్టర్ బయల్దేరింది.”

“మంగి ఇంట్లో చిన్నపిల్లలున్నారు సార్.”

“అది డెకాయ్, కార్బన్. కదలకు. ఆర్డర్.”

లక్ష్మణ్ లక్మా ఇంటికి పోయి, తన పిస్టల్ శిరీష చేతిలో పెట్టాడు. “హెలికాప్టర్ దిగేదాకా తలుపు తియ్యొద్దు.”

“మరి మీకు?”

గోడకు ఆనించిన గొడ్డలి తీసుకుని పరిగెత్తాడు.

దడి సందులోంచి మంగి వాకిలి కనిపించింది. ఆమె కొడుకు హుంగా తొడలో తూటాతో నెత్తుట్లో దొర్లుతున్నాడు. కోడలు చంటిదాన్ని పొట్టకు అదుముకుని గోడవారన కూలబడింది. మంగి రోటి పక్కన నిలబడి ఉంది. పెద్ద మనవరాలి చెవికి సైలెన్సర్ ఆనించి, నల్లకళ్లద్దాల్లో బిందు. ఊరికి ఆరోగ్య సర్వే మేడమ్. లక్ష్మణ్‌కు ముఠా కబుర్లు మోసే మనిషి. రెండు వైపులా జీతం తింటోందని అతనికి ఇప్పుడే తెలిసింది.

“ఆరోది ఎక్కడుందే ముసలీ?”

“ఆరోది ఏందమ్మ? ఆరోటాయన మా ముసలోడు. లోపల్నే ఉన్నడు.”

“ఎవడు?”

“మా ఇంటాయన. మొన్నటి వానలల్ల పోయిండు. ఆయన జీవున్ని కుండల కూసోబెట్టినం. రేషనోళ్లు పేరు కొట్టేసిన్రు గని, మేం కొట్టేస్తమా? ఇంట్ల ఎందరని మాస్టరు అడిగితే ఆయన్ని ఇడిసి ఎట్ల జెప్త?”

“ఎగతాళా నాతో?” బిందు గడ్డంతో సైగ చేసింది. పక్కనున్న ముసుగువాడు తుపాకీతో లోపలి గదికి పోయాడు.

లక్ష్మణ్ ఇంటి వెనక తడక చీల్చి దూరాడు. చీకటి గదిలో పెద్దల కుండ ముందు ముసుగువాడు వంగి, మూత ఎత్తబోతున్నాడు. గొడ్డలి మెడ మీద పడింది. వాడు అరవబోతే రెండోసారి పడింది. నెత్తురు గోడమీదికి చిమ్మింది.

వాడి ముసుగు, కోటు తొడుక్కుని, తుపాకీ పట్టుకుని లక్ష్మణ్ బయటికొచ్చాడు.

“దొరికిందా?” బిందు చూపు అతని పాదాల మీద పడింది. బూట్లు లేవు.

వెంటనే కాల్చింది. లక్ష్మణ్ ఎడమ భుజం చిట్లింది. బిందు ముందు పిల్ల ఉంది. అతను కాల్చలేకపోయాడు.

“పడెయ్.”

తుపాకీ నేల మీద పడింది.

“నువ్వు రావనుకున్నా. మీ చీఫ్ ఇలాంటప్పుడు ఎవర్నీ కదలనివ్వడుగా,” అంటూ బిందు అతని నుదుటికి గురిపెట్టింది. వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది.

రోకలి ఆమె మణికట్టు మీద పడింది. ఎముక ఫట్‌మంది. తూటా పైకప్పు పెంకుల్లోకి పోయింది. లక్ష్మణ్ ఆమెను నేలకు అదిమి, వీపు మీద మోకాలు వేశాడు. హ్యాండ్‌బ్యాగ్ బోర్లించాడు. అద్దం, దువ్వెన, మాస్టారి ఫోన్, రుమాల్లో చుట్టిన బొటనవేలు.

“మా ముసలోని ఇల్లు గిది,” అంది మంగి, రోకలి దించకుండానే.

హెలికాప్టర్ ఊరి మీంచి వెళ్లిపోయింది. నడుముకున్న సొరకాయ బుర్రలోంచి చీఫ్ గొంతు: “శిరీష ఎక్కింది. నీ సంగతి తర్వాత చూస్తా. అక్కడ ఎందరు పోయారు?”

“ఒకడు సార్. మన లెక్కలో లేనివాడు.”

హుంగా తొడకు కోడలు చీరచెంగు చింపి కట్టింది. లక్ష్మణ్ భుజానికి మిగిలిన ముక్క దక్కింది. బీజాపూర్ నుంచి పోలీసు జీపు రావాలి. మంగి అందరికీ ఆకుల్లో అన్నం, చింతచిగురు వడ్డించింది. బిందు ముందు కూడా ఒక ఆకు వేసింది.

అందరూ తినసాగారు. బిందు వాచిపోయిన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని ఆకు వైపు చూస్తూ కూర్చుంది. మంగి ఆమె ముందుకు జరిగి, ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టింది. బిందు కాసేపు పెదాలు బిగించింది. తర్వాత నోరు తెరిచింది.

మంగి ఇంకో ముద్ద కలిపింది.