ఆరని గోనెసంచి

సీతారామయ్య తల కిటికీ వైపు తిరిగి ఉంది. ముఖం మాత్రం లేదు.

ఎడమ కణత నుంచి దవడ దాకా ఎముక లోపలికి కుంగిపోయింది. ఒక్క దెబ్బ కాదు. నాలుగైదు. కొత్తగా సున్నం వేసిన గోడ మీద రక్తం నడుమెత్తున చిమ్మింది. పక్కనే గడ్డపార. దాని కొసకు నెరిసిన వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

ఇన్‌స్పెక్టర్ మురళీధర్ హాల్లో నిలబడి చుట్టూ చూశాడు.

1971, మే నెల. పొద్దున్నే నాచారంలో ఎండ మండిపోతోంది. ఇంకా గృహప్రవేశం కాని ఇల్లు. సామాను లేదు. పైన దూలానికి ఒక నిచ్చెన ఆనించి ఉంది. దూలంలో సిమెంటు చెక్కిన గుంట. గుంట పక్కన ఎర్ర చాక్‌పీసుతో ఇంటూ గుర్తు.

"ఎవరీయన?"

"రిటైరైన రైల్వే ఓవర్సీరండీ," అన్నాడు ఇంటి యజమాని సుబ్రహ్మణ్యం. కాకినాడ మనిషి. తార్నాకలో ఒక ప్రభుత్వ ల్యాబులో గుమాస్తా. "ఇల్లు సరిగ్గా కట్టారో లేదో పరీక్ష చేసి చెప్పమని నేనే పిలిచానండి. లోపం ఉన్నచోటల్లా ఎర్ర గుర్తు పెడతానన్నారు. నిన్న సాయంత్రం ఇక్కడ దింపి వెళ్లిపోయాను."

"ఎన్ని గంటలకు?"

"ఫ్యాక్టరీ సైరన్ కూసింది. ఐదై ఉంటుందండి."

"అప్పుడిక్కడ ఎవరున్నారు?"

"వాచ్‌మన్ బాలనర్సు ఒక్కడేనండి."

"ఏడీ అతను?"

జవాబు గుమ్మం దగ్గర్నుంచి వచ్చింది. "ఇంకెక్కడి బాలనర్సు సార్? పరార్!"

ఈ ఇల్లు కట్టిన కాంట్రాక్టర్ భూషణం. తెల్ల లాల్చీ. మెడలో గొలుసు.

"సిమెంటు బస్తాలు దొంగతనంగ అమ్ముకుంటుండు వాడు. ఈ పెద్దమనిషి సూసిండు. ఏసేసిండు. ఈపాటికి వాళ్ల ఊరు వరంగల్ల ఉంటడు."

"అబద్ధం!"

వాకిట్లో కూర్చున్న ఆడమనిషి లేచి నిలబడింది. బాలనర్సు భార్య శాంతాబాయి. ఇంటి పక్క రేకుల గుడిసెలో వాళ్ల కాపురం.

"నిన్న మద్యాన్నమే పిల్లలను తీస్కొని మా అక్కోళ్లింటికి ఉప్పల్ పోయిన సారూ. పొద్దుగాల వచ్చిన. గుడిసెల చెప్పులున్నయి. అంగి ఉన్నది. బీడీ కట్టున్నది. బీడీ లేకుంటె జరసేపు నిలువడు ఆయన. వరంగల్ పోతడా?"

భూషణం నవ్వాడు. "ఖూనీ జేసినోడు చెప్పులేసుకొని, నీకు జెప్పి పోతడానె?"

మురళీధర్ గదులన్నీ తిరిగాడు. ముందు గదుల్లో ఎర్ర గచ్చు అద్దంలా మెరుస్తోంది. వెనక స్టోరు గదిలో మాత్రం మామూలు సిమెంటు గచ్చు. దాని మీద తడి గోనెసంచులు పరిచి ఉన్నాయి. తన బూట్లకు రక్తం అంటింది. ఆ గోనెకే తుడుచుకుని బయటికి వచ్చాడు.

"నా గచ్చు సూసిన్రా సార్?" భూషణం వెంటే నడిచాడు. "కాంట్రాక్టులు ఇప్పుడొచ్చినయి గని, ఇరవై ఏండ్లు తాపీ పట్టిన చెయ్యి ఇది. ఈ కాలనీల నేనేసిన గచ్చు ఒక్కటి పగిలిందేమో సూపెట్టుండ్రి."

ఆ సాయంత్రం స్టేషన్ రికార్డులో రాశారు. ముద్దాయి బాలనర్సు. పరారీ.

వరంగల్‌కు వైర్‌లెస్ మెసేజ్ వెళ్లింది. మనిషి దొరకలేదు.

మూడో రోజు శాంతాబాయి స్టేషన్‌కు వచ్చింది. నుదుటి మీద గాయం. రక్తం ఎండిపోయి ఉంది.

"ఎవరు కొట్టారు?"

"బస్తీల రాళ్లేసిన్రు. నా పిల్లలను నీళ్లకాడికి రానిస్తలేరు. ఖూనీకోరు పిల్లలంటున్నరు." ఆమె ఏడవలేదు. "ఆయన జేసి ఉంటె ఉరి దియ్యుండ్రి సారూ. గని ముందుగాల పట్టుండ్రి. ఇసొంటి ఎండల, చెప్పుల్లేని మనిషి ఎంత దూరం పోతడు?"

మురళీధర్ ఆమెకేసి చూశాడు. తర్వాత జీపు తీయమన్నాడు.

ఆ ఇంటి గేటు దగ్గర కాపలా కానిస్టేబుల్ నీడ చూసుకుని నిలబడ్డాడు. ప్రహరీ గోడ మీంచి నీళ్లు కారుతున్నాయి.

"దీన్ని తడిపిందెవరు?"

"కాంట్రాక్టర్ సార్. గోడ కొత్తదంట. తడపకుంటె పగులుతదంట. పొద్దుగాల, మాపటికి వస్తడు. ఎనక బాయిల నీళ్లు తనే చేదుకుంటడు."

"కూలీలు లేరా?"

"ఒక్కడే సార్. మస్తు ఓపిక!"

మురళీధర్ ఇంటి వెనక్కి నడిచాడు. బావి. బావి పక్కనే స్టోరు గది తలుపు. తోశాడు. తెరుచుకుంది.

గోనెసంచి మీద కాలు పెట్టాడు. నీళ్లు చిమ్మాయి.

వంగి ఒక అంచు ఎత్తి చూశాడు. తడి సిమెంటు వాసన. దాని వెనక ఇంకో వాసన. అంచు మళ్లీ నెమ్మదిగా వదిలేశాడు.

"సుబ్రహ్మణ్యాన్ని పిలవండి. భూషణాన్ని పిలవండి. పార, గడ్డపార తెండి."

మధ్యాహ్నానికి అందరూ స్టోరు గదిలో ఉన్నారు. శాంతాబాయి తలుపు దగ్గర నిలబడింది.

"సుబ్రహ్మణ్యం గారూ, ఇంటి లోపల గచ్చులు ఎప్పుడు పూర్తయ్యాయి?"

"ఉగాదికే అయిపోయాయండి."

"గచ్చు మీద తడి గోనె ఎందుకు పరుస్తారు?"

"కొత్త సిమెంటు కదండీ. త్వరగా ఆరితే పగుళ్లు..." సుబ్రహ్మణ్యం ఆగిపోయాడు. తన కాళ్ల కిందికి చూసుకున్నాడు.

"దుమ్ము పడొద్దని పరిచిన సార్," అన్నాడు భూషణం.

"దుమ్ముకు పొడి గోనె చాలు. ఈ ఎండకు తడి గోనె పూట తిరక్కుండా ఆరిపోవాలి. మొదటి రోజు నా బూట్ల రక్తం దీనికే తుడుచుకున్నాను. అప్పుడూ తడే. ఈరోజూ తడే. నేను చూసి కూడా చూడలేదు."

మురళీధర్ భూషణం వైపు తిరిగి, హాల్లోని దూలం కేసి చెయ్యి చూపించాడు.

"ఆ దూలంలో నాలుగు ఇనప చువ్వలుండాలి. రెండే ఉన్నాయి. సీతారామయ్య చెక్కి చూస్తుండగా నువ్వొచ్చావు. ఆ మాట బయటికొస్తే ఈ కాలనీలో నువ్వు పోసిన ప్రతి కప్పూ చెక్కి చూస్తారు. గడ్డపార అందుకున్నావు. ఆయన కేక విని బాలనర్సు గుడిసెలోంచి పరిగెత్తుకొచ్చాడు. చెప్పులేసుకునే వ్యవధి ఎక్కడిది?"

శాంతాబాయి తలుపు పట్టుకుంది.

"అతణ్నీ చంపి, పరారయ్యాడనిపించడానికి ఇక్కడే పాతిపెట్టి గచ్చు వేశావు. అంతటితో వదిలేస్తే నాకు తెలిసేది కాదు. కానీ కొత్త గచ్చును ఎండకు వదిలేయడానికి నీ చెయ్యి ఒప్పుకోలేదు భూషణం. ఇరవై ఏళ్ల తాపీ చెయ్యి."

భూషణం కానిస్టేబుల్ చేతిలో పార లాక్కున్నాడు. మొదటి వేటు కానిస్టేబుల్ భుజంలో దిగింది. రెండోది ఇన్‌స్పెక్టర్ మెడకు గురిపెట్టాడు. మురళీధర్ పక్కకు తప్పుకుని లాఠీతో మణికట్టు మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు గదంతా వినిపించింది. పార కింద పడింది. భూషణం గోడకు జారగిలబడి చేతిని పొట్టకు అదుముకున్నాడు.

"తవ్వండి."

గచ్చు గట్టిగా ఉంది. ఒక్క పగులు లేదు. గడ్డపారతో చాలాసేపు పొడవాల్సి వచ్చింది. సిమెంటు పెచ్చు లేచింది. దాని కింద మొరం. మొరం కింద మొదట ఒక పాదం కనిపించింది.

చెప్పు లేని పాదం.

శాంతాబాయి గుంట పక్కన కూలబడింది. కొంగుతో ఆ పాదానికి అంటిన మట్టి తుడిచింది. వేళ్ల సందుల్లో కూడా తుడిచింది. తర్వాత తలెత్తింది.

"స్టేషన్ల పరారని రాసిన్రు గద సారూ," అంది. "ముందుగాల ఆ రాత కొట్టేయుండ్రి."