వేళాంగణి పేరు చెప్పి ఎక్కిన ఓడ

"ఏ మాతమ్మ తిరునాళ్ళకెల్లేవే నువ్వు?... సెప్పు! ఏ మాతమ్మ నిన్ను పసుపు టోపీ పెట్టుకుని ఓడ మీద గంతులెయ్యమందే?"

ఆ మాట పూర్తయ్యేలోపే పొయ్యి మీద ఉడుకుతున్న కోడికూర గిన్నె ఎగిరి వెళ్ళి గోడకు కొట్టుకుంది! గోడ మీది మరియమాత క్యాలెండరు నిండా పులుసు. విమలకుమారి పాదం మీద కూడా పడింది. చుర్రుమని కాలిన పాదాన్ని ఆమె చీర కుచ్చెళ్ళ కింద దాచుకుంది. ఆదివారం పూజ ముగించుకుని వచ్చిన మనిషి, నాలుక మీద దివ్యసత్ప్రసాదం రుచి ఇంకా ఆరని మనిషి, ఇలా పెళ్ళాం మీద పడితే ఏ దేవుడు చూస్తాడో ఏమో!

ఖుర్సీపార్ బస్తీ‌లో ఆ ఇంటి గోడలకు ఈ చప్పుళ్ళు కొత్త కాదు. శౌరి స్టీల్ ప్లాంటులో క్రేన్ కింద నిలబడి చేతిసైగలు చేసే ఖలాసీగా పనిచేసి రిటైరయ్యాడు. విమల ఒక ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. ఊరందరి గాయాలకూ కట్లు కట్టి, తన గాయాలకు మాత్రం "బాత్‌రూములో జారిపడ్డాను" అని చెప్పుకుంటూ వచ్చిన తల్లి ఆమె. ఒక మనిషి బాత్‌రూములో అన్నిసార్లు ఎలా జారిపడుతుందని అడిగిన వాళ్ళు లేరు... అందరికీ తెలుసు కనుక!

ఇంతకీ ఈ రోజు జరిగిందేమిటంటే, గుడి ఆవరణలో టీ తాగుతుండగా క్యాంప్ వన్ కాలనీ‌లో ఉండే విన్సెంట్ తన ఫోను తీసి శౌరికి చూపించాడు. ఎవరో ఓడ కంపెనీవాళ్ళ ప్రకటన. సముద్రం మధ్య తెల్లటి ఓడ, దాని పైఅంతస్తులో పాటలు, చప్పట్లు. ఆ చప్పట్లు కొట్టేవాళ్ళ మధ్య నెత్తిన పసుపు టోపీతో, కళ్ళు మూసుకుని, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్న ఆడమనిషి! "భయ్యా, ఒదినమ్మ హీరోయినైపోయింది సూడు!" అన్నాడు విన్సెంట్, పాపం మంచి మనసుతోనే. చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. శౌరి నవ్వలేదు. ముప్పై ఏళ్ళ కాపురంలో తన పెళ్ళాం అలా నవ్వగా అతను చూసి ఉంటే కదా!

నిజానికి విమల ఎక్కింది ఒక ఓడ కాదు, రెండు. విశాఖలో ఉండే ఆమె చెల్లెలు రజనీకుమారి, మొగుడు పోయాక, "ఏడిసింది సాలు, ఇంక సూడాల" అని బయలుదేరిన మనిషి. "ఒకే కంపెనీ ఓడెక్కితే ఒకే దారి సూస్తామక్కా, కంపెనీ మారిస్తేనే కొత్త ఊరు" అన్నది ఆమె సిద్ధాంతం. మొదట చెన్నై నుంచి శ్రీలంకకు ఒక ఓడ. ఇంట్లో చెప్పింది వేళాంగణి! తర్వాత ముంబయి నుంచి గోవాకు ఇంకో కంపెనీ ఓడ. ఇంట్లో చెప్పింది బాంద్రా మేరీమాత తిరునాళ్ళు! వచ్చే నెల సింగపూర్ నుంచి మూడో కంపెనీ ఓడ. దానికి గుణదల పేరు పెట్టుకుంది. అబద్ధానికి కూడా పుణ్యక్షేత్రమే దొరికింది చూశారా! తప్పే. కానీ ఆమెకు నిజం చెప్పే నోరు ఎప్పుడో పోయింది. పెళ్ళయిన కొత్తలో విశాఖ హార్బరులో, "ఒక్కసారి ఆ పడవెక్కుదామండీ" అని అడిగినందుకు, నలుగురూ చూస్తుండగా చెంప ఛెళ్ళుమనిపించాడు శౌరి. "నీకు సరదాలేటి!" అని. ఆ రోజు నుంచి ఆమె అడగడం మానేసింది.

ఓడ మీద మొదటి తెల్లవారుజామున ఆమె ఒక్కతే కమ్మీ పట్టుకుని నిలబడింది. ఎటు చూసినా ప్లాంటు పొగగొట్టమొక్కటీ లేదు! వెనకనుంచి ఎవరి చెప్పుల చప్పుడూ లేదు. తన భుజాలు వాటంతటవే కిందికి దిగడం ఆమెకు తెలిసింది. ఇన్నేళ్ళూ దెబ్బ కోసం ఎదురుచూస్తూ భుజాలు బిగబట్టుకునే బతికానా అనుకుని, ఆ నీళ్ళ మధ్య నిలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

ఇంటికి వట్టి చేతులతో రాలేదు. శ్రీలంకలో ఒక చిన్న కొట్టులో కొబ్బరినూనె సీసా కొని, "మాత దగ్గర పెట్టి తెచ్చేను, మోకాళ్ళకు రాసుకోండి" అంది. శౌరి కళ్ళకద్దుకున్నాడు! రోజూ ప్రార్థన చేసి మరీ రాసుకున్నాడు. చిత్రమేమిటంటే నొప్పులు తగ్గాయి. చేతికర్ర తలుపు మూలకు చేరింది. మాత మహిమ అని వీధంతా సాక్ష్యం కూడా చెప్పాడు.

ఇప్పుడా చేతికర్ర మళ్ళీ అతని చేతిలోకి వచ్చింది... నడవడానికి కాదు.

"ఆ నూనె ఏ ఊరిదే?" అని గర్జించాడు శౌరి.

"శ్రీలంకదండీ..."

"నాను మోకరిల్లి రాసుకున్నానే! మాతా, మాతా అని ఏడ్సుకుంటూ రాసుకున్నానే! నువ్వు సాటుకెల్లి నవ్వుకున్నావేటే!"

కర్ర ఆమె భుజం మీద పడింది. మళ్ళీ పడింది. విమల గోడకు ఒదిగిపోయింది. అతను బీరువా తలుపు బర్రున లాగాడు. చీరలు నేల మీదికి వచ్చాయి, ఆమె నర్సు తెల్లచీర కూడా. అడుగునుంచి దొరికింది పాస్‌పోర్టు. దాని మధ్యలో సింగపూర్ ఓడ టికెట్టు!

"వద్దు, షీబా డాడీ! మీ కాళ్ళు పట్టుకుంతాను... అదొక్కటీ వద్దు!"

విన్నాడా? రెండింటినీ సగానికి చింపాడు. మండుతున్న స్టవ్ మీద పడేశాడు. నీలిమంట పసుపురంగుకు తిరిగింది. అట్ట ముడుచుకుంటూ, అందులో నవ్వకుండా తీయించుకున్న ఆమె ఫోటో నల్లబడిపోయింది. విమల చేత్తో తీయబోతే కర్రతో ఆ చేతి మీదే కొట్టాడు!

సరిగ్గా అప్పుడే షీబా లోపలికి వచ్చింది. వాళ్ళకు ఒక్కతే కూతురు. ఇక్కడే ఒక స్కూల్లో టీచరు. గుడిలో పాటల అభ్యాసం చూసుకుని ఆలస్యంగా వచ్చిన పిల్ల, గుమ్మంలోనే పుస్తకాలు వదిలేసి ఇద్దరి మధ్యకు దూకింది.

"బస్ కరో డాడీ! బస్! మమ్మీని ఒదిలీ!"

"టికెట్టు కాలతంటే ఏటని అడగవేటి? నీకూ తెలుసన్నమాట! తల్లీకూతుళ్ళు కలిసి ఆడుకున్నారేటి నాతోటి!"

లేచిన కర్ర లేచినట్టే దిగింది. తల్లికి తగలాల్సిన దెబ్బ కూతురి నుదుటికి తగిలింది! షీబా "మమ్మీ..." అంటూ కూలబడింది. కనుబొమ్మ మీంచి రక్తం చెంపమీదికి, అక్కణ్ణుంచి తెల్ల చున్నీ మీదికి జారింది. అయినా శౌరి కర్ర మళ్ళీ లేచింది... కోపం కళ్ళకు కమ్ముకున్నవాడికి ఎదుట ఉన్నది ఎవరో తెలియదు!

ఇక్కడ ఒక మాట చెప్పాలి. శౌరి ఎలాంటివాడైనా, పనిలో మాత్రం దేవుడు. క్రేన్ పైన ఎక్కడో ఎత్తున డ్రైవరు కూర్చుంటాడు. ఆ హోరులో మాట వినబడదు. కింద ఖలాసీ చేయి చూపించాలి, పైన డ్రైవరు గంట కొట్టి 'చూశాను' అని చెప్పాలి, అప్పుడే బరువు కదలాలి. ఇంట్లో అటకమీంచి ట్రంకుపెట్టె దించినా అదే పద్ధతి. వేలు పైకి చూపించి గుండ్రంగా తిప్పితే ఎత్తమని. ఆ వేలి మీద రెండో అరచెయ్యి కప్పితే నెమ్మదిగా ఎత్తమని. చిన్నారి షీబా గిన్నె మీద చెంచాతో టంగుమని కొట్టేది, అదే గంట! "ఏ సైగైనా ఒక్కడే సెయ్యాల. కానీ ఆగమనే సైగ ఎవులైనా సెయ్యొచ్చు. ఊడ్సేవోడు సేసినా, జీఎం సేసినా ఆగాల్సిందే. ఆగకపోతే శవం లేస్తాది" అని కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేర్పాడు. వంటింట్లోంచి విమల విని నేర్చుకుంది.

ఇన్నేళ్ళ కాపురంలో ఆ సైగ చేసే హక్కు తనకూ ఉందని ఆమెకు తట్టలేదు.

కూతురి రక్తం చూశాక తట్టింది! షీబాను దాటి ముందుకు వచ్చి నిలబడింది. రెండు చేతులూ బారచాపి, అరచేతులు నేలవైపు తిప్పి, అటూ ఇటూ ఊపింది... ఆగమనే సైగ! దెబ్బ తిన్న చేయి వాచిపోతోంది. అయినా దించలేదు.

కర్ర గాలిలోనే నిలిచిపోయింది!

ఆగాలనుకుని ఆగలేదు శౌరి. మనసు ఇంకా కొట్టమంటూనే ఉంది, ఒళ్ళు ఆగిపోయింది. ఆ సైగకు ఆగకపోతే మనిషి పోతాడని ఎముకల్లోకి ఇంకినవాడు. అతని కళ్ళు ఆమె చేతులమీంచి కిందికి దిగాయి. అక్కడ కూతురు కనబడింది... రక్తంతో! కర్ర జారి నేలమీద పడింది.

"నీ క్రేన్ కింద ఒక్కడూ సావలేదని వీధంతా సెప్పుకుంతావు," అంది విమల. మీరు అన్న నోటితో మొదటిసారి నువ్వు అంది. "ఈ ఇంట్లో నాను రోజూ సచ్చేను కాదేటి! అబద్ధం సెప్పేను, నిజమే. ఎందుకు సెప్పేను? హార్బరులో అడిగితే కొట్టేవు కాబట్టి! దేవుణ్ణి అడ్డం పెట్టుకుంటే గాని గుమ్మం దాటలేని బతుకు సేసేవు కాబట్టి! నన్ను కొట్టేవు, పడ్డాను. నా పిల్ల రక్తం కళ్ళజూసేవు... ఇంక అయిపోయింది. పో! ఆ కర్ర ఇక్కడే ఒదిలీసి పో!"

శౌరి చెప్పులు కూడా వేసుకోకుండా గుమ్మం దిగి వెళ్ళిపోయాడు.

ఆసుపత్రిలో షీబాకు కుట్లు పడ్డాయి. విమల పని చేసిన ఆసుపత్రే. "ఏమైంది సిస్టర్?" అని అడిగాడు కుర్ర డాక్టరు, రాయడానికి పెన్ను తీసి. అలవాటుగా నాలుక మీదికి బాత్‌రూము వచ్చింది... దాన్ని మింగేసింది విమల. "నా మొగుడు కొట్టేడు బాబూ. నన్ను ఎప్పట్నుంచో కొడతన్నాడు. అలగే రాయండి," అంది. చుట్టూ ఉన్న పాత నర్సులు తలలు దించుకున్నారు. ఒకామె వచ్చి విమలను గట్టిగా కావలించుకుంది.

శౌరి విన్సెంట్ ఇంట్లో ఉంటున్నాడని తెలిసింది. పోలీసులు పిలిచినప్పుడు కొట్టానని తనంతట తానే ఒప్పుకుని, ఇక ఆ గుమ్మం తొక్కనని సంతకం పెట్టాడట. విమల మాత్రం కబురు పెట్టలేదు. రజని ఫోను చేసింది. "పాస్‌పోర్టు కాలితే కాలిందిలే అక్కా! ఆ కంపెనీ కాపోతే ఇంకో కంపెనీ. కొచ్చి నుంచి లక్షద్వీపాలకెల్లే ఓడుంది. మన దేశమే, పాస్‌పోర్టు అడగరు. పిల్లని కూడా తీసుకురా!"

బయలుదేరిన రోజు దుర్గ్ స్టేషన్‌లో పట్టపగలు ఎండ మండిపోతోంది. నుదుటి మీద మచ్చతో షీబా, మణికట్టుకు పట్టీతో విమల కిటికీ దగ్గర కూర్చున్నారు. ప్లాట్‌ఫారం మీద కొంచెం కుంటుకుంటూ వస్తున్న మనిషిని చూసి షీబా తల్లి చేయి పట్టుకుంది. ప్రయాణం సంగతి ఎవరు చెప్పారో గాని, వచ్చిన శౌరి దగ్గరికి రాలేదు. నాలుగడుగుల దూరంలోనే నిలబడిపోయాడు. గడ్డం మాసింది, మనిషి సగమయ్యాడు.

"మమ్మీ, మాట్లాడకు," అంది షీబా.

"నన్ను సమించమని అడగడానికి రాలేదమ్మా," అన్నాడు శౌరి, కూతురి నుదుటివైపు చూడలేక. తర్వాత విమలవైపు తిరిగాడు. "ఒక్కటే అడుగుతాను. ఈసారి... నిజంగా ఎక్కడికెల్తన్నారు?"

రెండు ఓడలెక్కింది. ఆ ప్రశ్నకు ఒక్కసారైనా నిజం చెప్పిందా తను? ఒక్కసారైనా కొడతాడన్న భయం లేకుండా విన్నదా ఆ ప్రశ్న?

"కొచ్చికి. అక్కడ ఓడెక్కి లక్షద్వీపాలకి. నాకు సముద్రమంటే ఇష్టం," అంది.

"ఇష్టమా..." అన్నాడతను, కొత్త మాట విన్నట్టు. "నాకు తెలీదు. ఎల్లిరండి." కాసేపటికి మెల్లగా, "నూనైపోయింది," అన్నాడు.

ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి ఆమెకు. "తెస్తాను. ఏ ఊరు నూనో సీసా మీద రాసి మరీ తెస్తాను. అయితే ఒక మాట. నానొచ్చేక కూడా నువ్వు విన్సెంటింట్లోనే ఉండాల. పిల్ల రమ్మంటేనే రావాల. రమ్మనకపోతే లేదు."

శౌరి తల ఊపాడు.

రైలు కూత వేసింది. జనం, అరుపులు, ఇంజను హోరు. ఇక మాట వినబడదు. అప్పుడు శౌరి కుడిచేయి ఎత్తాడు. చూపుడువేలు పైకి చూపించి గుండ్రంగా తిప్పాడు. ఎడమ అరచేతిని దానిపైన కదలకుండా కప్పి పట్టుకున్నాడు. నెమ్మదిగా... నెమ్మదిగా ఎత్తమని! ఏ బరువు ఎంత విలువైనదైతే అంత నెమ్మదిగా ఎత్తించేవాడు అతను. అతని కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారుతున్నా ఆ చేతులు మాత్రం కదలలేదు. జవాబు గంట కోసం ఎదురుచూస్తూ అలాగే నిలబడ్డాడు.

విమల కూతురి ముఖంలోకి చూసింది. షీబా కుట్లు పడిన చోట వేలితో తడుముకుంది. తర్వాత టిఫిన్ క్యారియర్ తెరిచి, చెంచా తీసి తల్లి చేతిలో పెట్టింది.

విమల ఆ చెంచాతో కిటికీ ఊచ మీద ఒక్కసారి, టంగుమని కొట్టింది. రైలు కదిలింది.