పెద్దోడి జుట్టు

చెప్పుల షాపులో పనిచేసేవాడికి బట్టతల రాకూడదు. గుమాస్తాకి వస్తే కుర్చీలో కూర్చుని నెట్టుకొస్తాడు, డ్రైవరుకి వస్తే టోపీ పెట్టుకుంటాడు. చెప్పుల షాపువాడు మాత్రం రోజుకి నలభైసార్లు మోకాళ్ళ మీద కూర్చుని, తల వంచి, వచ్చినవాళ్ళ పాదాలకి చెప్పులు తొడగాలి. వాళ్ళ చూపు సరిగ్గా నడినెత్తి మీదే పడుతుంది.

చిన్నోడి బాధ అదే. ముప్పై నాలుగేళ్ళొచ్చినా ఇంట్లో వాడి పిలుపు చిన్నోడే. ఒకరోజు చెప్పులు కొనుక్కోవడానికి వచ్చిన చిన్నపిల్ల వాడి నెత్తి మీద వేలితో తట్టి, "అమ్మా, ఇందులో లైటు కనిపిస్తోంది!" అంది. షాపంతా గొల్లుమంది. వాడూ నవ్వాడు గానీ, లోపల తల కొట్టేసినట్టయింది.

వాడు చెయ్యని వైద్యం లేదు. ఉల్లిపాయ రసం పట్టించి బస్సులో పక్క సీట్లు ఖాళీ చేయించాడు. గుడ్డు సొన పూశాడు. గోళ్ళకి గోళ్ళు రుద్దితే జుట్టు మొలుస్తుందని ఎవరో చెబితే ఆరు నెలలు పనీపాటా మాని రుద్దాడు. ఆసుపత్రి డాక్టరు మాత్రం, "ఇది మీ నాన్నగారి నుంచి వచ్చింది. మందులున్నాయి, ఓపిక పట్టాలి" అన్నాడు. ఆ ఓపికే ఉంటే ఇంత కథ జరిగేది కాదు.

చివరికి జుట్టుకి నాటుమందు ఇచ్చే ఒకాయన ఉన్నాడని తెలిసి వెళ్ళాడు. ఆ మందాయన గది కూరగాయల మార్కెట్టు వెనక, మెట్ల కింద ఉంది. బోర్డు లేదు. లోపల తడి గోనెసంచుల వాసన. ఆయన చిన్నోడి తల తడిమి చూసి, "జుట్టు ఒత్తుగా ఉన్నప్పటి ఫోటో ఒకటి పట్రా. ఏది తిరిగి రావాలో నూనెకి తెలియాలి కదా" అన్నాడు.

ఇక్కడే వచ్చింది చిక్కు. చిన్నోడికి పంతొమ్మిదో ఏటే జుట్టు పల్చబడింది. అంతకుముందు ఫోటోల్లో వాడు గుంపులో ఎక్కడో వెనక ఉంటాడు. ఇంట్లో స్పష్టంగా ఉన్న ఫోటో ఒక్కటే, వాళ్ళన్నయ్యది. పెద్దోడు వాడికంటే రెండేళ్ళు పెద్ద. ఇద్దరిదీ ఒకే మొహం. జుట్టు మాత్రం పెద్దోడికి అమ్మ వైపు నుంచి వచ్చింది, దువ్వెన విరిగేంత ఒత్తు, నెత్తి మీద రెండు సుడులు. పదకొండేళ్ళ కిందట పెద్దోడు క్వారీ గుంటలో ఈతకి దిగి ఇక పైకి రాలేదు. బయటికి తీశాక, అమ్మ ఒడ్డున కూర్చుని ఆ జుట్టు ఆరేదాకా తువ్వాలుతో తుడుస్తూనే ఉంది. ఆ తర్వాత ఆవిడ నవ్వగా ఎవరూ చూడలేదు.

'ఒకే రక్తం, ఒకే మొహం. ఎవడికి తెలుస్తుందిలే' అనుకుని చిన్నోడు ఆ ఫోటో ఇచ్చేశాడు. మందాయన దాన్ని చుట్టి, నల్లటి నూనె సీసాలో ముంచి, మూత బిగించి, రోజూ రాత్రి తలకి రాసుకోమని ఇచ్చాడు.

తొమ్మిదో రోజుకి నూగు కనిపించింది. నెల తిరిగేసరికి తలనిండా జుట్టు! చిన్నోడికి ప్రాణం లేచొచ్చింది. షాపులో అవసరం లేకపోయినా వంగి చెప్పులు తొడిగాడు.

పొద్దున్నే దిండు తడిగా ఉండేది. చెమట అనుకున్నాడు. వాసన చూస్తే నాచు... ఎంత తుడిచినా కుదుళ్ళ దగ్గర తడి ఆరేది కాదు. ఎడమ పాపిడి తీస్తే జుట్టు దానంతటదే పెద్దోడి పాపిడిలా కుడికి తిరిగేది.

ఆదివారం మధ్యాహ్నం భోజనం చేస్తుంటే అమ్మ వెనక నుంచి వచ్చి తల నిమిరింది. ఆవిడ వేళ్ళు ఒక సుడి మీద ఆగాయి. కాస్త జరిగి, రెండోదాని మీద ఆగాయి.

"పెద్దోడా..." అంది.

ఏడుస్తూ నవ్వింది. పదకొండేళ్ళ తర్వాత నవ్వింది. 'కాదమ్మా' అనడానికి చిన్నోడికి నోరు రాలేదు. ఆవిడ తువ్వాలు తెచ్చి, తల తుడుస్తూ కబుర్లలో పడింది.

"అవునురా, ఆ రోజు సైకిలు ఎక్కడ పెట్టావు? ఎంత వెతికించినా దొరకలేదు."

"బ్రేకు పట్టట్లేదని మెకానిక్ దగ్గర వదిలేశానమ్మా."

చిన్నోడి చేతిలో ముద్ద ఆగిపోయింది. ఆ సంగతి వాడికి తెలియదు. ఎప్పుడూ తెలియదు. మరి చెప్పిందెవరు... వాడి నోరే.

"అమ్మా, నేను చిన్నోణ్ణి."

"వాడింకా షాపు నుంచి రాలేదుగా" అంది అమ్మ, తల తుడుస్తూనే. "ఈ జుట్టు జోలికి మాత్రం వెళ్ళకురా. నిన్ను మళ్ళీ పోగొట్టుకోలేను."

మర్నాడు పొద్దున్నే మందాయన దగ్గరికి పరిగెత్తాడు. ఆయన వాడి తల వంక చూసి, గది తలుపు దగ్గరికి వేశాడు. గుసగుసగా అడిగాడు.

"ఆ ఫోటో నీది కాదు కదూ?"

"మా అన్నయ్యది. పోయాడు."

"మీ అమ్మ నిన్ను చిన్నోడా అని పిలుస్తోందా?"

"మొన్నటిదాకా పిలిచేది... నిన్నటి నుంచి లేదు."

"నా దగ్గర విరుగుడు లేదు నాయనా. వెళ్ళు, గుండు చేయించుకో. ఇప్పుడే వెళ్ళు."

మంగలి కుర్చీలో కూర్చున్నాక అమ్మ నవ్వు గుర్తొచ్చింది. ఆ నవ్వు తన చేత్తోనే తీసేస్తున్నానని చిన్నోడు కుమిలిపోయాడు. అయినా లేవలేదు. కత్తి ఆడుతుంటే తడి జుట్టు ముద్దలుగా నేల మీద పడింది. "ఎండలో వచ్చారు కదా, ఇంత తడేంటండీ?" అన్నాడు మంగలి. చివరికి చిన్నోడు తల తడుముకున్నాడు. నున్నగా ఉంది. పొడిగా ఉంది. పుట్టి బుద్ధెరిగాక బట్టతలని చూసుకుని సంతోషించడం అదే మొదటిసారి.

ఇల్లు పది నిమిషాల నడక. తలుపు కొట్టాడు. అమ్మ సగం తీసింది.

"ఎవరు కావాలండీ?"

"అమ్మా... నేను. చిన్నోణ్ణి."

ఆవిడ వాడి మొహంలోకి పరీక్షగా చూసింది. గుర్తు తెచ్చుకోవాలని నిజంగానే ప్రయత్నించింది.

"పొరబడ్డారేమో బాబూ. నాకున్నది ఒక్కడే. ఇంట్లోనే ఉన్నాడు."

"అమ్మా!"

"ఎవరమ్మా?" లోపల నుంచి ఎవరో అడిగారు.

చిన్నోడు చెవులు రిక్కించాడు. ఆ గొంతు... తనదే.

"ఎవరోరా. పాపం, ఇల్లు వెతుక్కుంటున్నారు" అని లోపలికి చెప్పి, ఆవిడ మళ్ళీ వాడి వైపు తిరిగింది. గుండు వంక జాలిగా చూసింది. "ఎండ మండిపోతోంది. తల మీద ఏదైనా కప్పుకుని వెళ్ళండి బాబూ."

లోపల నుంచి నాచు వాసన వచ్చింది. తలుపు మూసుకుంది. కింద గడియ పడిన చప్పుడైంది.

వాడు అక్కడే నిలబడ్డాడు. ఒక్క క్షణం... రెండు క్షణాలు...

పై గడియ కూడా పడింది. అది అమ్మకి అందదు. ఆ ఇంట్లో దాన్ని రోజూ వేసేది చిన్నోడే.