ఆసిఫా బొమ్మల ఫోల్డరు

శుక్రవారం పొద్దున. ఆరిఫా వంటింట్లో ఉగ్గానికి బొరుగులు నానబెడుతోంది. హాల్లో ఆమె భర్త నబీ రసూల్ ఏసీ కింద కూర్చుని కూడా చెమటలు కక్కుతున్నాడు.

ఆయన సౌదీలోని ధహ్రాన్‌లో ఒక కంపెనీకి కంప్యూటర్లు చూసే మనిషి. ఊరందరి నెట్‌వర్కులూ బాగుచేసే ఆయనకు, సొంతింట్లో కూతురి ల్యాప్‌టాప్‌లోని ఫోల్డరు తెరుచుకోవడం లేదు. ఇంట్లో రెండు కంప్యూటర్లూ లినక్సువే. వాటి మధ్య ఫైళ్లు పంచుకునే ఏర్పాటు చేసిందీ ఆయనే. శుక్రవారం నమాజుకు పోయేలోపు ఆ ఫైళ్లన్నీ సర్దకపోతే ఆయనకు అన్నం సయించదు.

ల్యాప్‌టాప్ అందుతోందో లేదోనని పింగ్ కొట్టాడు. అది బుద్ధిగానే పలికింది. రౌటరు ఆపి మళ్లీ వేశాడు, పాస్‌వర్డు మళ్లీ కొట్టాడు. ఏం చేసినా అనుమతి లేదన్న మాటే తెరమీద కనిపిస్తోంది.

"ఏదో అప్‌డేట్ వచ్చి చెడగొట్టి ఉంటాది," అని గొణిగాడు.

"పాపనే అడగరాదా? గోడకవతలే కదా ఉండేది," అంది ఆరిఫా.

"పాపకేం తెలుస్తాది మే? ఇది సెట్టింగుల పని."

అప్పటికే ఆసిఫా గది గుమ్మంలో నిలబడి ఉంది. ఆ పిల్లకు పన్నెండో తరగతి ఈమధ్యే అయిపోయింది.

"ఏమీ చెడిపోలేదు నాయనా. ఫోల్డరు తెరిచేవాళ్లలోంచి నేనే నీ పేరు తీసేసినా."

నబీ రసూల్ కుర్చీలోంచి లేచాడు. "నేను పెట్టిన నెట్‌వర్కులో నాకే తలుపు మూస్తావా?"

"పోయిన శుక్రవారం నా బొమ్మలు తుడిచేసినావు కదా!"

"తుడిచేసిందేముంది? ఒకే గది బొమ్మ అన్ని తూర్లు ఉన్నింది. చివరిది బాగుండాదని అది పెట్టి తక్కినవి తీసేసినా."

ఆసిఫా కళ్లు నిండిపోయాయి. "కాలేజీవాళ్లు అడిగింది ఆ తక్కినవే నాయనా. యాడ తప్పు పోయినానో, ఎట్లా దిద్దుకున్నానో చూపియ్యమన్నారు. ఆదివారమే ఇంటర్వ్యూ."

బెంగళూరులో ఆర్కిటెక్చరు చదవాలని ఆ పిల్ల ఆశ. మేనమామ షాబాజ్ ఉండే జుబైల్ కార్మికుల క్యాంపులో ఒక్క గదిలో ఆరుగురు పడుకుంటారు. ఆ గదిలో ఒక్కొక్కరికీ తనదంటూ ఒక మూల ఎలా దొరుకుతుందో నెలల తరబడి గీసి చూసుకుంది. కాగితం వాడలేదు, అంతా తెరమీదే.

నబీ రసూల్ గబగబా కంప్యూటర్లోని చెత్తబుట్ట తెరిచి చూశాడు. ఖాళీ. నెట్‌వర్కు మీదుగా తుడిచిన ఫైలు చెత్తబుట్టలోకి రాదు, నేరుగా పోతుంది. ఆఫీసులో అందరికీ ఈ మాట చెప్పి భయపెట్టేది తనే! నమాజు నుంచి వచ్చాక తనకు తెలిసిన ఉపాయాలన్నీ వాడి చూశాడు. ఒక్క బొమ్మా దక్కలేదు.

"మళ్లీ గీయరాదా తల్లీ?"

"మంచి బొమ్మయితే మళ్లీ గీస్తా. ఆ తప్పులు మళ్లీ అట్లే ఎట్లా గీసేది నాయనా?"

బిడ్డ దేన్నయినా తడబడుతూ నేర్చుకుంటుంటే నబీ రసూల్ ఏనాడూ ఓపిగ్గా చూడలేదు. అడ్డంపడి దిద్దేశాడు, లేకుంటే తీసేశాడు. అది ప్రేమే అనుకున్నాడు.

"తప్పు నాది. నన్ను మళ్లీ లోపలికి రానియ్యొద్దులే," అన్నాడు.

ఆసిఫా కళ్లు తుడుచుకుంది. "జరిగింది కాలేజీవాళ్లకు ఉన్నదున్నట్లు చెప్తా. క్యాంపు వంటగది కొత్తగా మొదలుపెడ్తా, ఎంతవరకైతే అంత." ల్యాప్‌టాప్ ముందు కూర్చుని సెట్టింగుల్లో ఏవో రెండు వరుసలు మార్చింది. "నీ పేరు పెట్టినా. చూసేకి మాత్రమే. మార్చేకి, తుడిచేకి లేదు."

సాయంత్రం హాల్లో ఫోల్డరు తెరుచుకుంది. మొదటి బొమ్మలో పొయ్యి సరిగ్గా తలుపు వెనకే ఉంది. ఎవరైనా తలుపు తోస్తే వంటవాడి వీపుకు తగులుతుంది. కేకేసి చెప్పబోయి, పెదవి కొరుక్కుని ఆగాడు. రెండో బొమ్మలో తలుపు పక్కకు జరిగింది. మూడోదానిలో ఏకంగా పొయ్యి కిటికీ కిందికి పోయింది. తనకు తట్టనిది బిడ్డకు తట్టింది.

నబీ రసూల్ కళ్లు మసకబారాయి.

"నాయనా, కనిపిస్తాండాయా?" లోపలినుంచి ఆసిఫా అడిగింది.

"కనిపిస్తాండాయి తల్లీ," అన్నాడు. "గీయి, చూస్తాంటా."